వాదనలో ఓడిపోకూడదనుకునే గంజాం వారికి

ఛత్రపురంలో వాదించడానికి బోలెడంత తీరిక దొరుకుతుంది. జిల్లా కలెక్టరాఫీసు ఇక్కడే కాబట్టి బరంపురం నుంచి, ఆస్కా నుంచి, భంజనగర్ నుంచి అర్జీలు పట్టుకొచ్చినవాళ్లంతా మధ్యాహ్నం దాకా చెట్లకింద కూర్చోవాల్సిందే. సారు మీటింగులో ఉంటారు. చేతిలో టీ గ్లాసు, పక్కన ముఖపరిచయం కూడా లేని మనిషి. ఒడియాలో మొదలైన మాట తెలుగులోకి జారుతుంది, తెలుగులో మొదలైంది ఒడియాలో తేలుతుంది. అలాంటిచోట సరిగ్గా ఆలోచించేవాడు పది నిమిషాల్లో నోరు మూసుకోవలసి వస్తుంది. 'ఏమో, కనుక్కోవాలి' అనే పాడు అలవాటు వాడిది. ఈ చిట్కాలు వాడికి కాదు. గెలవాలనుకునేవాళ్లకి.

మనకి పాఠ్యపుస్తకం ఎప్పుడో తయారైంది. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అనే తెలుగు పండితుడు 'తర్కసంగ్రహం' రాశాడు. సంస్కృతం చదివేవాళ్లకి తర్కంలో ఓనమాలు దిద్దించేది ఇప్పటికీ అదే. చెల్లని హేతువులు అయిదు రకాలని, వాటిని హేత్వాభాసలంటారని చెప్పి, ఒక్కోదానికి ఉదాహరణ కూడా ఇచ్చాడాయన. పాపం, మానుకుంటారని రాశాడు. మనం దాన్ని వంటల పుస్తకంలా చదువుకుందాం.

ముందుగా ఒక్క షరతు. తప్పు తర్కం ఎంత రుచిగా ఉన్నా దాని ఖరీదు మీ జేబులోంచి పోకూడదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన పద్ధతిలో నడవాలి. ఇది మరిచిపోయినవాళ్లు వాదనలో గెలిచి ఇంటికెళ్లి ఏడుస్తారు.

ఇక మొదటి పాఠం. రెండు సంగతులు వెంటవెంటనే జరిగితే ముందుది కారణం, వెనకది ఫలితం అని ప్రకటించెయ్యండి. కాకి వాలింది, తాటిపండు పడింది. పెద్దలు దీన్ని కాకతాళీయమని కొట్టిపారేశారంటే, కాకి తరఫున వాదించడానికి ఆనాడు ఛత్రపురం వాళ్లెవరూ అక్కడ లేకపోవడం వల్లనే.

మన తీరంలో ఇందుకు సరుకు పుష్కలం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ ఒక్కరోజు ముందు, అక్టోబరు 11న, పలాస దగ్గర దాటింది. ఇంకేం కావాలి? ఆ తేదీకి శని పట్టిందని చెప్పండి. ఎదురుగా పంచాంగం తెలిసినవాడుంటే మాత్రం కాస్త చూసుకోండి. ఫైలిన్ వచ్చిననాడు దుర్గాష్టమి. హుద్‌హుద్ వచ్చేసరికి దసరా వెళ్లి వారం దాటింది, పౌర్ణమి కూడా అయిపోయింది. తిథి కలవదు, నక్షత్రం కలవదు, కలిసిందల్లా గోడకి తగిలించిన ఇంగ్లీషు క్యాలెండరు. శనీశ్వరుడికి ఇంగ్లీషు తేదీలు ఎవరు నేర్పారని అడిగితే దగ్గు తెచ్చుకోండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువేనని, నెల నెలంతా ప్రమాదమైనప్పుడు ఏదో ఒక తేదీ రెండుసార్లు తగలడం వింతేమీ కాదని చెప్పేవాడు ఎలాగూ ఒకడుంటాడు. వాడు చెప్పింది నిజమే. కానీ వాడు చెప్పింది ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పుకోవడానికి పనికిరాదు, శని సంగతి పనికొస్తుంది.

అసలు మన ఊరికి ఈ హోదా రావడంలోనే జ్వరాల పాత్ర ఉంది. అప్పట్లో జిల్లాకి ముఖ్యపట్టణం రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న గంజాం. 1815లో అక్కడ జ్వరాలు ప్రబలాయి. దొరలు మూటాముల్లే సర్దుకున్నారు, ఊరు వెలవెలబోయింది, కాలక్రమంలో కలెక్టరుగారి కచేరీ ఛత్రపురం చేరింది. ఆ కాలపు వైద్యులు జ్వరాలకి చిత్తడి నేలల్లోంచి లేచే చెడుగాలే కారణమనేవారు. ముక్కుకి కంపు, ఒంటికి జ్వరం, రెండూ ఒకేచోట ఉన్నాయి కదా, సాక్ష్యం అంతకన్నా ఏం కావాలి? 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూసేదాకా దోషి గాలే. ఈ సిద్ధాంతంలో సొగసు ఏమిటంటే, తప్పయినా పనిచేసేది. చిత్తడికి దూరంగా పోయినవాడు దోమకీ దూరంగానే పోయాడు. తప్పు కారణం చెప్పి ఒప్పు పని చేయించగలిగితే మిమ్మల్ని పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. గాలి తగలకుండా కిటికీలు బిగించుకుని, దోమలు గుడ్లు పెట్టిన నీళ్లతొట్టి పక్కనే పడుకున్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లొచ్చి మీ చొక్కా పట్టుకోరు లెండి.

రెండోది ఖాతా పుస్తకం పద్ధతి. దైవానికి, సముద్రానికి, నాణేనికి మన బాకీలు గుర్తుంటాయని నమ్మించాలి. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర పెద్ద తుపాను దాటింది. 'ఈ ఏటికి ఒడిశా వంతు అయిపోయింది' అనడానికి అంతకన్నా మంచి సమయం లేదు. పన్నెండో రోజున, 29న, పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ వచ్చింది. పదివేల మంది దాకా పోయారు. సముద్రం దగ్గర చిట్టా లేదు, ఆవర్జా లేదు.

ఇదే పద్ధతి ఇంట్లో ఎక్కువ చెల్లుతుంది. ముగ్గురాడపిల్లలు పుట్టిన ఇంట్లో అత్తగారు వక్క కత్తిరిస్తూ, 'మూడూ ఆడే అయ్యాయి, ఇక ఈసారి మగాడు రాక ఎక్కడికి పోతాడమ్మా' అంటుంది. నాలుగోసారి కూడా అవకాశం సగానికి సగమే, ముందు పుట్టిన ముగ్గురి సంగతి పుట్టబోయే బిడ్డకి తెలియదు. ఈ లెక్క పదో తరగతి పుస్తకంలో ఉంది, ఆ ఇంటి పెద్దపిల్ల చదివే ఉంటుంది. అయినా గెలిచేది అత్తగారే. షరతు ఎంత చక్కగా కుదిరిందో చూడండి. మాట ఆవిడది, మోసేది కోడలు, పుట్టాక ముఖం చిట్లింపులు పడేది నాలుగో పిల్ల.

తుపాను సంగతి ఇంకా అయిపోలేదు, దీన్ని తీరిగ్గా చెప్పుకోవాలి. ఫైలిన్‌కి ముందు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు 10 లక్షల మందిని సురక్షిత స్థలాలకి తరలించారు. గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటింది, ఇళ్లు పోయాయి, చెట్లు పోయాయి, కరెంటు స్తంభాలు ఎక్కడివక్కడ పడుకున్నాయి. ప్రాణనష్టం మాత్రం పదుల్లోనే ఆగింది. 1999 పక్కన పెట్టి చూస్తే నమ్మబుద్ధి కాదు. ఛత్రపురానికి దగ్గరే ఆర్యపల్లి ఉంది, తెలుగు మాట్లాడే మత్స్యకారుల పల్లె. ఆ తీరం పల్లెల్లో ఎక్కడైనా సరే, పడవ నీడన వల అల్లుకుంటున్న తాతనొకణ్ణి కదిపి చూడండి.

"ఏటి తాతా, ఈపాలి తుపానుకి షెల్టరుకి ఎల్తావా?"

"ఎందుకురా? అప్పుడు ఏటయిపోనాది? లారీ ఎక్కించీసినారు, పప్పన్నం ఎట్టినారు, మూడోనాడు తిరిగొచ్చినాం. మనిషికేటీ అవనేదు. వల మాత్రం పోనాది. ఏటీ అవనిదానికి ఎల్లి వల పోగొట్టుకోడమెందుకు?"

ఏమీ కాలేదు కనుక వెళ్లనక్కర్లేదు. వెళ్లారు కనుకనే ఏమీ కాలేదన్న సంగతి ఈ వాక్యంలోకి దూరడానికి సందు లేదు. ముందుజాగ్రత్త బాగా పనిచేసినకొద్దీ అది దండగమారిదిగా కనిపిస్తుంది. టీకాలకీ ఇదే గతి, రాత్రిపూట గస్తీకీ ఇదే గతి. ఈ వాదన ముందు నిలబడాలంటే ఎదుటివాడు జరగనిదాన్ని చూపించాలి. ఎలా చూపిస్తాడు?

అయితే తాత మన షరతు తప్పాడు. ఆయన తర్కానికి ఆయన ప్రాణమే పూచీ. పైగా ఆయన మాటలో వల లెక్క తప్పు కాదు. వల అంటే తిండి, అది పోతే ఎవరిస్తారన్న ప్రశ్నకి షెల్టరులో పప్పన్నం జవాబు కాదు. కాబట్టి తాతని నిపుణుల్లో చేర్చలేం. స్లాబు వేసిన మేడమీద, ఇన్వర్టరు కింద కూర్చుని 'ఈ తరలింపులన్నీ ప్రభుత్వం సొమ్ము తగలెయ్యడానికే' అనేవాడున్నాడే, ఆయన దగ్గర నేర్చుకోండి.

ఆయనే తుపాను వెళ్లిన మూడోరోజు ఇంకో మాట కూడా అంటాడు: 'ఏమైనా అనండి, బజారు కళకళ్లాడుతోంది.' సిమెంటు రేకులు దొరకడం లేదు, వడ్రంగి ఫోనెత్తడం లేదు, అంతా వ్యాపారమే వ్యాపారం. 1850లో బాస్టియా అనే ఫ్రెంచి అర్థశాస్త్రవేత్త ఈ ఆనందం మీద నీళ్లు చల్లాడు. పిల్లవాడు కిటికీ అద్దం పగలగొడితే అద్దాలవాడికి పని దొరికిందని సంబరపడతాం, ఆ డబ్బుతో ఇంటాయన కొనుక్కోవలసిన జోళ్లు కొనలేదన్నది కంటికి కనపడదు అన్నాడు. మన లెక్కలో చెప్పాలంటే, రేకులకి పోయిన డబ్బు కూతురి పెళ్లికి దాచింది. బరంపురంలో ఒక మగ్గం మీద పట్టుచీర తగ్గింది. రేకుల కొట్టు ముందు లైను అందరికీ కనిపిస్తుంది, నేతగాడి ఇంట్లో రాని బేరం ఎవడికి కనిపిస్తుంది? కనిపించిందే లెక్క అనండి. ఈ వాదానికి ఊళ్లో తిరుగు లేదు.

లేనిదాని గుణగణాల మీద గంటల తరబడి వాదించడం మరో విద్య. అన్నంభట్టు దీనికి ఆకాశంలో పూసిన తామరని ఉదాహరణగా ఇచ్చాడు. తామర కనుక సువాసన ఉంటుందట. మన మొగలి అత్తరు వాళ్లయితే ఆకాశంలో మొగలిపూవు అని మార్చుకోవచ్చు. అసలు పువ్వే లేదు కదా అంటే ఆశ్రయాసిద్ధం అంటాడాయన. మనం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం. 1990లలో గోపాల్‌పూర్ దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని భూములు తీసుకున్నారు, ఊళ్లు కదిలాయి. ఆ ఫ్యాక్టరీ రాలేదు. ఏళ్లు గడిచాక అక్కడ వేరే పరిశ్రమలకి పార్కు అన్నారు. అలాంటి రోజుల్లో టీ దుకాణాల ముందు జరిగే చర్చ ఫ్యాక్టరీ వస్తుందా రాదా అని కాదు. మావాడికి ఇచ్చేది ఆపరేటరా, సూపర్‌వైజరా అని.

ఇక ఈ విద్యలో ఎవరెస్టు ఏదంటే 1866. అంత పెద్దది మన స్థాయిలో కుదరదు కానీ, చూసి నేర్చుకోవచ్చు. 1865లో వానలు మధ్యలోనే ఎగ్గొట్టాయి. కటకం, పూరీ, బాలాసోరు అప్పట్లో బెంగాలు కింద ఉండేవి, కమిషనరు రావెన్‌షా. బియ్యం తెప్పించమని కిందనుంచి మొరలు వెళితే కలకత్తా రెవిన్యూ బోర్డు జవాబు సారాంశం ఇది: ధర పెరిగితే వర్తకులే బియ్యం తెస్తారు, సర్కారు వేలు పెడితే చెడుపే. వర్తకులు తేవడం లేదు. అంటే ఏమిటన్నమాట? బియ్యం ఎక్కడో దాచారన్నమాట, ఉందన్నమాట, కరువు లేదన్నమాట. ఈ వాదనని మెచ్చుకోండి. బియ్యం వస్తే సిద్ధాంతం నిజం, రాకపోయినా సిద్ధాంతమే నిజం. ఆకలితో ఉన్నవాడి దగ్గర డబ్బు లేకపోతే వాడి ఆకలి బజారు ధరలోకి ఎక్కదన్న సంగతి, వర్తకుడు తేవాలన్నా సరైన రోడ్డు లేదన్న సంగతి, రెండూ కలకత్తా బల్ల మీదికి రాలేదు. తీరా బోర్డుకి మెలకువ వచ్చేసరికి వానాకాలం వచ్చి సముద్రం మూసుకుంది. ఒడిశాలో పదిలక్షల మంది, అంటే ముగ్గురిలో ఒకరు, పోయారని అంచనా. తర్వాత జార్జి కాంప్‌బెల్ అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుని తప్పులు పట్టింది. రావెన్‌షా పేరు మీద కటకంలో కాలేజీ ఉంది, అది ఇప్పుడు విశ్వవిద్యాలయం. ఖరీదు ఎవరు కట్టాలన్న మన షరతు ఇంతకన్నా నిండుగా నెరవేరిన సందర్భం నాకు తెలియదు.

అదే కరువు గంజాంనీ కొట్టింది. మనం మద్రాసు కింద ఉండేవాళ్లం. కొత్తగా వచ్చిన గవర్నరు లార్డ్ నేపియర్ కాగితాలు చదువుకుని ఊరుకోకుండా స్వయంగా జిల్లాకి బయలుదేరి వచ్చి చూశాడు, సహాయం పంపాడు. చావులు ఇక్కడా ఉన్నాయి. కానీ వాదన అక్కడితో పాడైపోయింది. నిప్పు చల్లగా ఉంటుంది, ఎందుకంటే అదీ నీళ్లలాగా ఒక పదార్థమే కనుక అనేవాడికి అన్నంభట్టు పెద్దగా జవాబు చెప్పడు. ముట్టుకుని చూడమంటాడు. అందుకే చెబుతున్నాను, గెలవాలనుకునేవాడు వెళ్లి చూసి రావడం అనే పని ఎప్పుడూ పెట్టుకోకూడదు.

లెక్కల విషయానికొస్తే, మిమ్మల్ని ఆరుగురిని చేర్చమనే గొలుసు పథకం ఏదైనా వస్తే పై మెట్టు దొరికేట్టయితేనే ముట్టుకోండి. 1978 నుంచి చట్టం వీటిని నిషేధించింది, అయినా కొత్త పేరుతో మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటివాడు ఆరుగురిని, ఆ ఆరుగురూ ఒక్కొక్కరు ఆరుగురిని, ఇలా తొమ్మిదో మెట్టుకి వచ్చేసరికి ఆ మెట్టు మీదే 1,00,77,696 మంది ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో గంజాం జిల్లా మొత్తం దాదాపు 35 లక్షలు. చంటిపిల్లల్ని చేర్చినా సరిపోరు. పైనున్న మెట్లన్నీ కలిపితే 20,15,539. అంటే గొలుసు ఏ మెట్టు దగ్గర తెగినా ప్రతి ఆరుగురిలో అయిదుగురు అట్టడుగునే ఉంటారు, చేర్చడానికి మనిషి లేక. ఏజెంటు దీనికి ఒక్కటే జవాబు చెబుతాడు: 'మా బావమరిదికి వచ్చాయండీ, నా కళ్లతో చూశాను.' వచ్చే ఉంటాయి. ఆరోవాడు ఆయనే.

సూరత్ కథ కూడా ఇలాంటిదే. గంజాం నుంచి లక్షల మంది అక్కడి పవర్‌లూమ్‌లలో పనికి వెళ్లారు. బరంపురంలో ఠాకురాణి జాతరకి మెళ్లో గొలుసు, చేతిలో పెద్ద ఫోనుతో దిగినవాణ్ణి చూపించి, 'సూరత్ వెళితే బాగుపడతాడు' అనండి. నిప్పున్న ప్రతిచోటా పొగ రాదు, కట్టె పచ్చిదయితేనే వస్తుంది, ఆ పచ్చిదనాన్ని ఉపాధి అంటారు అని తర్కం చెబుతుంది. ఇక్కడ పచ్చిదనం ఏమిటంటే, జాతరకి రాగలిగినవాడే జాతరలో కనిపిస్తాడు. టిక్కెట్టు డబ్బుల్లేనివాడు, మగ్గాల మోతకి చెవులు పోయినవాడు జాతరలో మీ పక్కన నిలబడి 'నేను కూడా సూరతే' అనడు.

ఇవేవీ పనిచేయనప్పుడు ఏం చెప్పాడన్నది వదిలేసి ఎవడు చెప్పాడన్నది పట్టుకోండి. గంజాంలో దీనికి ప్రత్యేక సౌకర్యం ఉంది. 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడదీసి మనల్ని ఒడిశాలో కలిపారు. వి.వి.గిరి లాంటి బరంపురం తెలుగువాడు రాష్ట్రపతి అయ్యాడు, అయినా ఆ గీత ఇప్పటికీ నాలుక చివర ఉంటుంది. వీధి కాలువ పొంగుతోందని తెలుగాయన అంటే, 'బాగోకపోతే ఆంధ్రా పొండి' అనొచ్చు. అదే మాట ఒడియా ఆయన అంటే, 'మీ రాజ్యమేగా, బాగుచేసుకోరాదూ' అనొచ్చు. కాలువ పొంగుతూనే ఉంటుంది, మీరు రెండువైపులా గెలుస్తారు.

ఒకే ఒక్క ప్రమాదం గురించి హెచ్చరించి ముగిస్తాను. మా మేనకోడలు బరంపురం ఐసర్‌లో చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చి ఈ కాగితాలన్నీ చదివింది.

"మావయ్యా, ఒక్కటి అడుగుతాను. ఏం చూస్తే మీరు మాట మార్చుకుంటారు?"

"నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లమ్మా. మార్చుకునేదేముంది?"

"సరే, మూడే. మరి ఆ నాలుగోది ఎవరు తిన్నారు?"

"నీ పరీక్షలెప్పుడు? ముందది చెప్పు."